కడుపులోని బొడిపెలు: కణజాలము చెప్పు ఆనవాళ్లు



కొంతకాలము క్రిందట నేను సిద్దిపేటకు చేరువనున్న చింతమడక గ్రామమునకు బంధువుల ఇంటికి పోయియుంటిని. నేను వైద్యుడనని తెలిసి, ఆ వీధిలోని పెద్దమనిషి యొకడు సాయంకాలమున అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. అరువదియైదేండ్ల వయస్సుండును. కండువా కొంగున మడిచి తెచ్చిన కాగితమొకటి నా చేతికిచ్చి, "సారూ, ఈ కాగితము నన్ను బతికిస్తదా, చంపుతదా? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి" అని అడిగెను. ఆయన కుమారులిద్దరును వెనుక నిలువబడియుండిరి. అంతకు వారము దినముల ముందే ఆయన తన నాలుగెకరముల భూమిని పంచుటకు మాటలు మొదలుపెట్టెనట. కూతురికేమి ఈయవలెనో తేలక ఇంట కన్నీళ్లు కూడ అయినవట.

ఆ కాగితము, కడుపులోనుండి తీసిన చిన్న ముక్కను పరీక్షించి వ్రాసిన నివేదిక. అందు "అడినోమా" అనియు, "తక్కువస్థాయి డిస్ప్లేసియా" అనియు, వాని క్రింద "కి-67", "పి-53" అను వింత పేర్లును ఉండెను. ఎవరో ఆయనతో ఇది క్యాన్సరుకు ముందరి దశ అని చెప్పియుండిరి. ఆయన చెవికి క్యాన్సరు అన్న మాట ఒక్కటే చేరినది. ముందరి అన్న మాట చేరలేదు. ఆ అరుగుమీద ఆయనకు నేను చెప్పినదానినే నేడు మీకందరకు కొంత విస్తరించి చెప్పుదును.

మనము తిన్న అన్నము మొదట చేరు సంచిని జీర్ణాశయమందురు. ఆ సంచి లోపలి గోడకు మెత్తని పొర యొకటి కలదు. ఆ పొరయందు కంటికి కానరాని గ్రంథులు లక్షలకొలది ఉన్నవి. వానిలో కొన్ని ఆమ్లమును, మరికొన్ని ఆ ఆమ్లము గోడను కాల్చకుండ కాపాడు జిగురును ఊరించును. ఈ పొరపైనున్న జీవకణములు కొద్ది దినములకే అరిగి రాలిపోవును. వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. రాలుటయు పుట్టుటయు సరితూగినంతకాలము పొర ఆరోగ్యముగా నుండును.

ఈ తూకము ఒక్కనాటిలో చెడదు. కొలంబియా దేశమున పుట్టిన పెలాయో కొర్రియా అను రోగశాస్త్రజ్ఞుడు తన తోటివారితో కలిసి 1975లో దీని క్రమమును ప్రతిపాదించెను. పిమ్మట 1988లోను, 1992లోను దానిని మరింత వివరించెను. ఆ క్రమమిది. మొదట పొర వాచును. ఏండ్లతరబడి వాపు మానకున్నచో గ్రంథులు క్షీణించును. క్షీణించిన చోట కడుపు పొరకు బదులు ప్రేగులలోనుండు పొరవంటిది మొలచును. వరి పోయిన మడిలో తుంగ మొలచినట్లని మీరు గ్రహింపవచ్చును. దీనిని ప్రేగుమార్పు అని పిలుచుకొందము. దానిపిమ్మట కణముల ఆకారమును వరుసయును చెడును; ఇదియే డిస్ప్లేసియా. ఈ చెడిన కణములు బొడిపెగా లేచినచో దానిని అడినోమా అందురు. కట్టకడపటి మెట్టు క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అనెడిది.

ఈ మెట్లన్నియు దిగుటకు సాధారణముగా పెక్కు సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు దశాబ్దములు పట్టును. దిగువారిలోను అధికులు నడుమనే ఆగిపోదురు. హాలండు దేశమున 92 వేలకు పైబడిన రోగుల నివేదికలను పరిశీలించి 2008లో ప్రకటించిన లెక్క యొకటి ఉన్నది. దానినిబట్టి, రోగము కనుగొన్న పిదప మొదటి అయిదేండ్లలో, గ్రంథులు క్షీణించినవారు వేయిమందియున్న, ఏటికి ఒక్కరికి క్యాన్సరు వచ్చినది. ప్రేగుమార్పు కలవారిలో నాలుగువందలమందికి ఒక్కరు. తక్కువస్థాయి, మధ్యస్థాయి డిస్ప్లేసియా కలవారిలో వేయికి ఆరుగురు. తీవ్రమైన డిస్ప్లేసియా కలవారిలో మాత్రము వేయికి అరువదిమంది. ఆరునకును అరువదికిని గల భేదమును మనసున నుంచుకొనుడు. పేరు రెంటికిని డిస్ప్లేసియాయే, అపాయము పదింతలు.

మొదటి వాపునకు ముఖ్యకారణము ఒక సూక్ష్మజీవి. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అను ఇద్దరు వైద్యులు దీనిని కనిపెట్టిరి. 1982లో ప్రయోగశాలలో పెంచిరి. ఆమ్లమున్న కడుపులో క్రిమి బ్రతుకదని లోకము వారిని నమ్మకపోగా, 1984లో మార్షల్ ఆ క్రిములు కలిసిన ద్రవమును తానే త్రాగి, కడుపువాపు తెచ్చుకొని చూపెను. వారిద్దరికిని 2005లో నోబెల్ బహుమతి లభించినది. ఈ క్రిమి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1994లోనే నిర్ణయించినది. మనదేశమున ఈ క్రిమి ఎందరి కడుపులోనో ఉన్నది; అయినను జపాను, కొరియాలలో వచ్చినంత హెచ్చుగా ఇచ్చట కడుపు క్యాన్సరు రాదు. కావున క్రిమి యున్నదని తెలిసిన మాత్రమున బెంబేలెత్తనక్కరలేదు.

కడుపులో కానవచ్చు ప్రతి బొడిపెయు ఒకటి కాదు. ఆమ్లమును తగ్గించు మాత్రలు ఏండ్లతరబడి మ్రింగువారికి పైభాగమున చిన్న బొడిపెలు కొన్ని లేచును. అవి చాలవరకు నిరపాయమైనవి. మానని వాపువలన లేచు మరియొక జాతి కలదు. అది చెడుట అరుదు, పెద్దదైనచో మాత్రము తీసివేయుదురు. మూడవదే అడినోమా. మనము జాగ్రత్తపడవలసినది దీనివిషయమునందే. రెండు సెంటీమీటర్లకు మించినది, నడుమ గుంటపడినది, ఎఱ్ఱబారినది, పుండైనది మరింత అనుమానింపదగినది.

ఇక ముక్క పరీక్ష ఎట్లు జరుగునో చెప్పుదును. నోటిగుండ సన్నని గొట్టమును దింపి, కడుపు గోడను దీపముతో చూచి, అనుమానమున్నచోట బియ్యపుగింజకన్న చిన్నముక్కను గిల్లి తీయుదురు. దానిని మందునీటిలో నుంచి, మైనములో పాతి, వెండ్రుకమందమున పదునైదవవంతుకన్న పలుచగా కోసి, గాజుపలకపై పరచి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూతురు. కణముల నడిమి బీజములను నీలముగా చూపు రంగు, మధ్య అమెరికాలో పెరుగు ఒక చెట్టు చేవనుండి వచ్చునదియే. రోగశాస్త్రజ్ఞుడు ఆ నీలపు బీజములు చిన్నవిగా వరుసన నున్నవో, పెద్దవై ఒకదానిపై నొకటి ఎక్కియున్నవో చూచి, తక్కువస్థాయియో ఎక్కువస్థాయియో వ్రాయును.

ఇందొక చిక్కు కలదు. చూచువాని కన్నునుబట్టి తీర్పు మారవచ్చును. ఒకే పలకను చూచి జపాను వైద్యులు క్యాన్సరు అన్నదానిని పాశ్చాత్య వైద్యులు డిస్ప్లేసియా మాత్రమే అనుచుండెడివారు. ఈ భేదమును తగ్గించుటకై 1998లో వియన్నా నగరమున 12 దేశములనుండి 31 మంది రోగశాస్త్రజ్ఞులు కూడి, అందరును ఒప్పదగిన వర్గీకరణము నొకదానిని ఏర్పరచిరి. అది 2000లో ప్రకటింపబడినది. దానితో భేదము తగ్గినదేకాని, తక్కువస్థాయి అని వ్రాసిన బొడిపెలలో ఏది ఊరకుండును, ఏది ముందుకు పోవును అను ప్రశ్న మిగిలియే యున్నది. ఆ ప్రశ్నకు బదులు వెదకుటకే కణజాలపు ఆనవాళ్లు.

మీలో చెరువులున్న ఊళ్లవారు పెక్కుమంది ఉందురు. వానకాలమున నీరటికాడు కట్టవెంట నడచుచు, వెలుపలి వాలున తేమ ఎక్కడ పుట్టినదో చూచును. ఊట కనబడిన మాత్రమున కట్ట తెగదు. ఆ ఊట తేటగా నున్నచో, గుర్తుంచుకొని మరునాడు మరల చూచును. ఊటనీరు బురదగా వచ్చుచున్నచో, కట్టలోపలి మన్ను కొట్టుకొనిపోవుచున్నదని తెలిసికొని అప్పుడే ఊరిని పిలుచును. కట్ట పైకి రెండు దినములందును ఒకేవిధముగా కనబడును. నీటిలోని మన్నే భేదమును తెలుపును. కణజాలపు ఆనవాలు పని ఇటువంటిదే. కణముల లోపల ఏమి జరుగుచున్నదో ఒక గుర్తుద్వారా తెలుపుట.

శరీరము రోగక్రిముల నెదుర్కొనుటకై తయారుచేసికొను ప్రతిరక్షకములు తమకు సరిపడిన పదార్థమునే పట్టుకొనును, వేరొకదానిని ముట్టవు. ఈ గుణము నుపయోగించి, ప్రతిరక్షకమునకు వెలుగు నిచ్చు పదార్థమును తగిలించి, కణజాలములోని వస్తువులను వెదకు పద్ధతిని 1941లో ఆల్బర్ట్ కూన్స్ అను అమెరికా వైద్యుడు చూపెను. ఒకే రకపు ప్రతిరక్షకమును కావలసినంత తయారుచేయు ఉపాయమును 1975లో క్యోలర్, మిల్‌స్టీన్ అనువారు కనుగొనిరి. నేడు ప్రయోగశాలలలో ఆ ప్రతిరక్షకము అంటినచోట గోధుమరంగు వచ్చునట్లు చేయుదురు. రంగు వచ్చిన కణములను లెక్కించి నివేదిక వ్రాయుదురు.

చింతమడక పెద్దమనిషి కాగితములోని మొదటి వింతపేరు కి-67. జర్మనీలోని కీల్ నగరమున దీనిని కనుగొని 1983లో ప్రకటించిరి. పరీక్షపళ్లెములోని 67వ గుంటలో దొరకినది గనుక ఆ పేరు వచ్చినది. రెండుగా చీలుటకు సిద్ధమైన కణములందే ఇది కానవచ్చును, విశ్రాంతిగానున్న కణములందు కానరాదు. ఆరోగ్యముగానున్న కడుపు పొరలో క్రొత్తకణములు పుట్టుచోటు గ్రంథుల మెడభాగము; కి-67 రంగు అచ్చటనే పట్టీవలె ఉండును. ఆ రంగు పట్టీని దాటి పొర పైఅంచువరకు చెదరి వ్యాపించినచో, కణముల పుట్టుకకు అదుపు తప్పినదని అర్థము.

రెండవది పి-53. ఇది 1979లో కనుగొనబడిన మాంసకృత్తు. కణములోని జన్యుపదార్థము చెడినప్పుడు, బాగుపడువరకు కణము చీలకుండ ఆపుట, బాగుపడనిచో కణమును చంపుట దీని విధి. ఊరికి కావలివాని వంటిది. మంచి పి-53 తన పని ముగియగానే కరగిపోవును. కావున ఆరోగ్యకరమైన పొరలో అక్కడక్కడ లేతరంగు మాత్రమే కనబడును. దానిని పుట్టించు జన్యువే చెడినప్పుడు, పనికిమాలిన మాంసకృత్తు కరగక పోగుపడి, బీజములన్నియు ముదురు గోధుమరంగున కనబడును. లేదా అసలే పుట్టక, ఏమాత్రము రంగు కనబడదు. ఈ రెండును చెడ్డ గుర్తులే. ఎక్కువస్థాయి డిస్ప్లేసియాలోను, క్యాన్సరులోను ఈ చెడ్డ గుర్తులు తరచుగా కనబడును, తక్కువస్థాయిలో అరుదు.

మూడవజాతి ఆనవాళ్లు జిగురునకు సంబంధించినవి. కడుపు పైపొర జిగురులో మ్యూక్-5ఏసీ అను పదార్థమును, ప్రేగు జిగురులో మ్యూక్-2 అను పదార్థమును ఉండును. సీడీఎక్స్-2 అనునది ప్రేగు స్వభావమును పుట్టించు అధికారి వంటిది. కడుపులో ప్రేగుమార్పు వచ్చినప్పుడు, కణములు కడుపు జిగురును పూర్తిగా విడిచి ప్రేగుకణములుగా కుదురుకొనినచో దానిని పూర్ణమార్పు అందురు. కడుపు జిగురును విడువక, ప్రేగు జిగురును కూడ చేయుచు రెంటికిని చెడియున్నచో అది అపూర్ణమార్పు. అపూర్ణమార్పు కలవారికే క్యాన్సరు భయము హెచ్చని పెక్కు పరిశోధనలు తెలిపినవి. అడినోమాలవిషయమున మాత్రము, కడుపు స్వభావము కలది ముందుకు పోవునా, ప్రేగు స్వభావము కలది పోవునా అనుదానిపై పరిశోధకులలో ఇంకను ఏకాభిప్రాయము కుదరలేదు.

ఇన్ని ఆనవాళ్లున్నవిగదా, ఇక భయమేమి అని మీరనవచ్చును. ఇందుకు నా ఇంటిలో జరిగినదానిని చెప్పవలసియున్నది.

మా మేనమామకు కడుపులో ఇటువంటి బొడిపెయే కనబడినది. ముక్క తీసిరి. తక్కువస్థాయి అని వచ్చినది. పి-53 మామూలుగా నున్నదనియు, కి-67 కొద్దియే యనియు వ్రాసిరి. ఏడాదిలోపల మరల గొట్టము వేయించుకొనవలెనని కూడ అందులోనే ఉండెను. ఆయన ఆ చివరి వాక్యమును చదువలేదు. "గుర్తులు మంచిగున్నయట అల్లుడా" అని సంతోషముగా నాతో చెప్పెను. నేనును నా పనుల తొందరలో "మంచిది మామా" అంటినేకాని, మరల ఎప్పుడు పోయెదవని అడుగలేదు. మూడేండ్లకు ఆయన నల్లని విరేచనములతో, నెత్తురు తగ్గి, ఆసుపత్రికి చేరెను. అప్పటికి రోగము పొరను దాటి లోతునకు దిగినది. ఆయన మఱి ఏడాది బ్రతుకలేదు. నాకు తెలిసిన శాస్త్రమంతయు నా నోటిలో నుండగా, అడుగవలసిన ఒక్కమాట అడుగనైతిని. ఆ లోటు నన్ను విడువలేదు.

ఆ నివేదిక అబద్ధము చెప్పలేదు. బియ్యపుగింజంత ముక్కలో ఉన్నదానినే చెప్పినది. బొడిపెలో ఇంకొక మూలనున్నదానిని అది చూడలేదు. ముక్కపరీక్షలో తక్కువస్థాయి అని తేలినవానిని పూర్తిగా తీసి చూచినప్పుడు కొన్నిటిలో ఎక్కువస్థాయి, కొన్నిటిలో క్యాన్సరే కనబడుట వైద్యులు ఎరిగినదే. భూసారపరీక్షకు మీరు చేను ఒక్కమూలనుండి మన్ను తీయరుగదా. నాలుగైదు చోట్లనుండి తీసి కలుపుదురు. కడుపు విషయమునను అట్లే, పేర్కొన్న అయిదుచోట్లనుండి ముక్కలు తీయవలెనని 1994లో హ్యూస్టన్ నగరమున కూడిన నిపుణులు నిశ్చయించిరి. కావున మంచి ఆనవాలు అభయపత్రము కాదు, చెడ్డ ఆనవాలు మరణశాసనమును కాదు. కణముల స్థాయి, బొడిపె పరిమాణము, క్రిమి యున్నదా లేదా, ఇంట ఎవరికైన ఈ రోగము వచ్చినదా అనువానితో కలిపి చూచినప్పుడే ఆనవాలుకు అర్థము.

ఇక చేయవలసిన పనులు. కంటికి కనబడు అడినోమాను, అది తక్కువస్థాయిదైనను, వీలైనంతవరకు పూర్తిగా తీసివేయుటయే మేలు. ఇందుకు పొట్ట కోయనక్కరలేదు. గొట్టముగుండనే పొరను ఒలిచి తీయు విద్యను జపానువారు 1990 తరువాతి దశాబ్దమున పెంపొందించిరి. నేడు హైదరాబాదులోను జరుగుచున్నది. డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఇటువంటి చికిత్సలకు ప్రసిద్ధి చెందినది. క్యాన్సరు వైద్యమునకు ప్రభుత్వపక్షమున మెహదీ నవాజ్ జంగ్ పేరిట హైదరాబాదులో ఆసుపత్రి ఉన్నది. సిద్దిపేటలో 2018నుండి ప్రభుత్వ వైద్యకళాశాల కూడ నడచుచున్నది గనుక, ఈ ప్రాంతమువారు సలహాకు మొదటనే నూరు కిలోమీటర్లు పోనక్కరలేదు.

క్రిమి యున్నదని తేలినచో, వైద్యుడు చెప్పిన మందులు సాధారణముగా పదునాలుగు దినములు, ఒక్కపూటయు విడువక వాడవలెను. సగములో నొప్పి తగ్గినదని మానినచో క్రిమి మందునకు లొంగనిదగును. తల్లిదండ్రులకో తోబుట్టువులకో కడుపు క్యాన్సరు వచ్చినవారికి ఈ చికిత్స చేసి, కొరియా దేశమువారు 2020లో ఫలితమును ప్రకటించిరి. చికిత్స పొందినవారిలో నూటికి 1.2 మందికి, పొందనివారిలో 2.7 మందికి క్యాన్సరు వచ్చినది. అనగా సగమునకన్న తగ్గినది. చుట్ట, బీడీ మానవలెను. ఉప్పు హెచ్చుగానుండు ఊరగాయలను, ఎండుచేపలను మితముగా వాడవలెను.

నివేదికను ఇనుపపెట్టెలో అడుగున పడవేయకుడు. పట్టాకాగితమువలె భద్రపరచి, మరల పోవలసిన తేదీని గోడమీది పంచాంగమున గుర్తుపెట్టుడు. మైనములో పాతిన ముక్క ప్రయోగశాలలో ఉండును. అనుమానమైనచో దానిని అడిగి మరియొక నిపుణునికి చూపించుకొనవచ్చును. బొడిపె కంటికి కానరాక డిస్ప్లేసియా మాత్రము తేలినప్పుడు, మొదట మంచి పరికరముతో మరల శ్రద్ధగా చూపించుకొనవలెను; పిమ్మట ఎక్కువస్థాయికి ఆరునెలలకు, తక్కువస్థాయికి ఏడాదికి పరీక్ష జరుగవలెను. ఈలోపల నల్లని విరేచనము, కారణములేని బరువు తగ్గుట, మానని వాంతులు, కొద్దితిండికే కడుపు నిండుట కనబడినచో తేదీకొరకు ఆగకూడదు. ఇంటిలోని పిల్లలు మీ కాగితము చదువలేకపోయినచో, "మరల ఎప్పుడు రావలెను?" అను ఒక్క ప్రశ్నను వైద్యుని అడిగి రమ్మనుడు.

చింతమడక పెద్దమనిషికి నేను చెప్పిన బదులు ఇది: "ఈ కాగితము నిన్ను చంపదు, బతికించదు. మరల ఎప్పుడు పోవలెనో చెప్పును. పోవుట నీ పని." ఆయన కొంతసేపు ఊరకుండి, పెద్దకొడుకును పిలిచి ఆ తేదీని చదివించెను. భూమి పంపకము మాట మరల ఎత్తలేదు. రెండు నెలలకు బొడిపెను తీయించుకొనెను. తీసిన దానినంతయు పరీక్షింపగా తక్కువస్థాయియే యని తేలినది. అయినను ఏడాది తిరిగిన వెంటనే మరల పరీక్షకు పోయివచ్చెనని ఆయన కుమారుడు నాకు తెలియజేసెను.

మీ ఇండ్లలో ఇటువంటి కాగితమున్నచో ఈ రాత్రియే దీపమువద్ద తీసి, కడపటి వాక్యమును చదువుడు. సెలవు.